వెయిట్‌లిస్టు క్యూ కాదు: చిన్న కాలేజీల అడ్మిషన్ల వెనక సంభావ్యత లెక్క

అమెరికాలోని చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు ఏటా మార్చి నెలాఖరుకల్లా దరఖాస్తుదారులకు తమ నిర్ణయం చెబుతాయి. కొందరికి సీటు వస్తుంది, చాలామందికి రాదు. ఈ రెండూ కాక మూడో జవాబు కూడా ఒకటి ఉంది: 'మీ పేరును వెయిట్‌లిస్టులో ఉంచాం.'

రైలు టికెట్టు మీద 'వెయిటింగ్ లిస్టు 14' అని కనిపిస్తే మనకు ఒక అంచనా ఉంటుంది. ముందున్న పదమూడు మందికి దారి దొరికితే తర్వాత మన వంతు. కాలేజీ వెయిట్‌లిస్టు సాధారణంగా అలా ఉండదు. అందులో వరుస సంఖ్యలుండవు. ఒక ఏడాది ఆ జాబితాలోంచి డెబ్బై మందిని పిలిచిన కాలేజీ, మరుసటి ఏడాది ఒక్కరినీ పిలవకపోవచ్చు. విద్యార్థుల ప్రతిభ ఒక్క ఏడాదిలో అంతగా మారిపోదు కదా! మరి ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోంది? ఇంటర్మీడియట్ గణితంలో చదువుకునే ద్విపద విభాజనంలో దీనికి చాలావరకు సమాధానం ఉంది.

ఐదు వందల సీట్లకు ఎందరిని పిలవాలి?

లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటే సైన్సు, సాహిత్యం, చరిత్ర, కళలు కలిపి నేర్పే డిగ్రీ కాలేజీ. అమెరికాలో ఇలాంటివి చాలావరకు చిన్నవి. నాలుగేళ్లకూ కలిపి రెండు మూడు వేల మంది విద్యార్థులుంటే ఎక్కువ. ఎక్కువమంది క్యాంపస్ హాస్టల్‌లోనే ఉంటారు. మన దేశంలో తిరుపతి జిల్లా శ్రీసిటీలోని క్రియా, హర్యానాలోని అశోకా విశ్వవిద్యాలయాలు ఇలాంటి చదువునే అందిస్తున్నాయి.

మొదటి సంవత్సరంలో 500 సీట్లున్న ఒక కాలేజీని ఊహించుకుందాం. సీటు ఇచ్చిన ప్రతి విద్యార్థీ చేరడు. ఒక్కొక్కరు పది కాలేజీలకు దరఖాస్తు చేసి, చివరికి ఒక్కదానిలోనే చేరతారు. సీటు ఇచ్చినవారిలో చేరేవారి శాతాన్ని 'యీల్డ్' అంటారు. తెలుగులో చేరిక శాతం అనుకోవచ్చు. గత అనుభవాన్ని బట్టి ఈ కాలేజీ చేరిక శాతం 40 అనుకుంటే, 500 మంది రావాలంటే 1,250 మందికి సీటు ఇవ్వాలి.

సగటు లెక్క ఇంతే. అయితే నాణేన్ని వందసార్లు ఎగరేస్తే ప్రతిసారీ సరిగ్గా యాభై బొమ్మలు పడవు. అలాగే 1,250 మంది ఎవరికి వారు నిర్ణయం తీసుకుంటే సరిగ్గా 500 మంది రారు. ఈ హెచ్చుతగ్గులను కొలిచే ప్రామాణిక విచలనం ఇక్కడ సుమారు 17. అంటే ఇరవై ఏళ్లలో పంతొమ్మిదేళ్లు, చేరేవారి సంఖ్య 465కూ 535కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. లక్ష్యానికి ఇది 7 శాతం తేడా.

అదే చేరిక శాతంతో 5,000 సీట్లున్న పెద్ద విశ్వవిద్యాలయం 12,500 మందిని పిలిస్తే తేడా 110 వరకు ఉంటుంది. సంఖ్యగా చూస్తే పెద్దదే, కానీ లక్ష్యంలో 2.2 శాతమే. సంఖ్య పదింతలైతే హెచ్చుతగ్గులు మూడింతలకు కాస్త ఎక్కువగా మాత్రమే పెరుగుతాయి. అందుకే గణాంకాల దెబ్బ పెద్ద సంస్థలకన్నా చిన్న కాలేజీలకు గట్టిగా తగులుతుంది.

పైగా విద్యార్థుల నిర్ణయాలు నాణేల్లా విడివిడిగా ఉండవు. పోటీ కాలేజీ ఒకటి స్కాలర్‌షిప్పులు పెంచితే వందలమంది మనసు ఒకేసారి మారుతుంది. చేరిక శాతం 40 నుంచి 43కు పెరిగినా చాలు, మన కాలేజీకి 37 మంది అదనంగా వచ్చిపడతారు. వాళ్లకు గదులు కావాలి, మంచాలు కావాలి, ప్రయోగశాలలో చోటు కావాలి. ఇది ఊహ కాదు. వెర్మాంట్ రాష్ట్రంలోని మిడిల్‌బరీ కాలేజీ 2023లో విద్యార్థుల సంఖ్య వసతికి మించిపోవడంతో, స్వచ్ఛందంగా కొంతకాలం సెలవు తీసుకునేవారికి 10,000 డాలర్లు ఇస్తామని ప్రకటించింది. తక్కువమంది చేరినా నష్టమే. ఆ ఖాళీల ఫీజు ఆదాయం నాలుగేళ్లపాటు రాదు.

తక్కువ పిలిచి, తర్వాత నింపుకోవడం

ఈ చిక్కుకు కాలేజీలు కనిపెట్టిన ఉపాయమే వెయిట్‌లిస్టు. ఎక్కువైన విద్యార్థిని వెనక్కి పంపడం కష్టం, తక్కువైన సీటును నింపడం తేలిక. అందుకని మన కాలేజీ 1,250 మందికి బదులు 1,160 మందినే పిలుస్తుంది. సగటున 464 మంది చేరతారు. 500 దాటే అవకాశం రెండు శాతం లోపే. మే 1 నాటికి, అంటే విద్యార్థులు తమ నిర్ణయం చెప్పాల్సిన గడువు ముగిసేసరికి, మిగిలిన 36 సీట్లను వెయిట్‌లిస్టు నుంచి నింపుకుంటుంది.

ఇప్పుడు అసలు విషయం చూడండి. 464 అన్నది సగటు. దానిచుట్టూ ఉండే హెచ్చుతగ్గులు ఎక్కడికీ పోలేదు, మొత్తంగా వెయిట్‌లిస్టు మీదకు వచ్చి చేరాయి. కాబట్టి ఖాళీలు ఒక ఏడాది 69 ఉండవచ్చు, మరో ఏడాది మూడే ఉండవచ్చు. వెయిట్‌లిస్టులో 600 మంది వేచి ఉంటే, ఒక్కొక్కరి అవకాశం ఒక ఏడాది పదకొండు శాతం దాటుతుంది, మరో ఏడాది అర శాతానికి పడిపోతుంది. కాలేజీ ప్రమాణాలు మారలేదు, విద్యార్థీ మారలేదు. మారింది ముక్కూ మొహం తెలియని 1,160 మంది తీసుకున్న నిర్ణయాల మొత్తం.

అమెరికాలో కాలేజీ అడ్మిషన్ల సలహాదారుల జాతీయ సంఘం 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం, వెయిట్‌లిస్టులో కొనసాగుతామన్న విద్యార్థుల్లో సగటున 20 శాతం మందికి సీటు దొరికింది. పోటీ బాగా ఎక్కువగా ఉన్న కాలేజీల్లో అది 7 శాతమే.

ఖాళీలు ఏర్పడినా 'తర్వాతి వ్యక్తి' అంటూ ఎవరూ ఉండరు. భౌతికశాస్త్రం చదవాలనుకునేవారు తగ్గారా, సంగీత బృందంలో వయొలిన్ వాయించేవారు కరువయ్యారా, విదేశీ విద్యార్థులు తక్కువయ్యారా అని చూసి ఆ లోటుకు సరిపోయేవారిని పిలుస్తారు. ఏ లోటు వస్తుందో ముందుగా తెలియదు కాబట్టి జాబితా పొడవుగా ఉంచుకుంటారు. ఆర్థిక సాయానికి కేటాయించిన నిధులు అప్పటికి కరిగిపోతే, పూర్తి ఫీజు కట్టగలవారి వైపు మొగ్గే కాలేజీలూ ఉన్నాయి. సాయం లేకుండా చదవలేని విద్యార్థికి వెయిట్‌లిస్టులో అవకాశం ఇంకా సన్నగిల్లేది ఇక్కడే.

అడ్మిషన్ రేటు ఏం చెబుతుంది?

'ఈ కాలేజీ అడ్మిషన్ రేటు పది శాతమే' అనే మాట వినగానే అక్కడి చదువు గొప్పదన్న భావన కలుగుతుంది. నిజానికి అది సీటు ఇచ్చినవారి సంఖ్యను దరఖాస్తుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది మాత్రమే. ఆ రెండు సంఖ్యలూ చదువు నాణ్యతతో సంబంధం లేకుండా మారగలవు.

పది కాలేజీలు, ఒక్కో దానిలో వంద సీట్లు, మొత్తం వెయ్యి మంది విద్యార్థులు ఉన్నారనుకోండి. ఒక్కొక్కరు ఒక్కో కాలేజీకే, సమానంగా దరఖాస్తు చేస్తే అందరికీ సీటు వస్తుంది. అదే విద్యార్థులు తలా ఐదు కాలేజీలకు దరఖాస్తు చేస్తే ప్రతి కాలేజీకీ 500 దరఖాస్తులు వస్తాయి, వంద సీట్లకు ఐదింతల పోటీ కనిపిస్తుంది. ఒక్క సీటూ తగ్గలేదు, ఒక్క విద్యార్థీ పెరగలేదు. ఒకే ఫారంతో అనేక కాలేజీలకు దరఖాస్తు చేసే 'కామన్ అప్లికేషన్' 1975లో 15 కాలేజీలతో మొదలై, నేడు వెయ్యికి పైగా సంస్థలకు విస్తరించింది. దరఖాస్తు చేయడం తేలికైన కొద్దీ అడ్మిషన్ రేట్లు పడిపోవడంలో వింత లేదు.

రెండోది 'ఎర్లీ డెసిషన్'. సీటు ఇస్తే తప్పక చేరతానని విద్యార్థి ముందే మాట ఇచ్చే పద్ధతి ఇది. ఇక్కడ చేరిక శాతం దాదాపు నూరు. మన కాలేజీ 250 సీట్లను ఇలా నింపుకుని, మిగతా 250కి 30 శాతం చేరిక అంచనాతో 833 మందిని పిలిస్తే, మొత్తం 1,083 మందికి సీటు ఇచ్చినట్టు. దరఖాస్తులు పదివేలైతే అడ్మిషన్ రేటు 12.5 నుంచి 10.8 శాతానికి దిగుతుంది. కాలేజీ మరింత 'కఠినమైనది'గా కనిపిస్తుంది. అనిశ్చితి కూడా తగ్గుతుంది. అయితే వివిధ కాలేజీల ఆర్థిక సాయాన్ని పోల్చుకున్నాకే నిర్ణయించుకోగల కుటుంబాల పిల్లలు ముందే మాట ఇవ్వలేరు.

కాలేజీలకు ర్యాంకులిచ్చే 'యూఎస్ న్యూస్' సంస్థ 2003లో చేరిక శాతాన్ని, 2018లో అడ్మిషన్ రేటును తన లెక్కల్లోంచి తొలగించింది. జనం మనసుల్లోంచి మాత్రం ఆ సంఖ్య ఇంకా పోలేదు.

అరవై ఏళ్ల కిందటి పరిష్కారం

ఈ గందరగోళాన్ని గణితవేత్తలు ఎప్పుడో గమనించారు. డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ 1962లో 'అమెరికన్ మ్యాథమెటికల్ మంత్లీ' పత్రికలో ప్రచురించిన ప్రసిద్ధ పత్రం, కాలేజీ ఎందరిని పిలవాలో తెలియని ఈ చిక్కుతోనే, వెయిట్‌లిస్టుల ఇబ్బందులతోనే మొదలవుతుంది.

వారు చెప్పిన పద్ధతి ఇది. ప్రతి విద్యార్థీ తన మొదటి ఇష్టానికి దరఖాస్తు చేస్తాడు. కాలేజీ తన సీట్లకు సరిపడా ఉత్తములను తాత్కాలికంగా అట్టిపెట్టుకుని మిగతావారిని వదిలేస్తుంది. వారు తమ రెండో ఇష్టానికి వెళ్తారు. అక్కడ కొత్తవారినీ పాతవారినీ కలిపి మళ్లీ పోలుస్తారు. ఇంకెవరూ కదలాల్సిన పని లేనప్పుడు తాత్కాలిక జాబితాయే తుది జాబితా అవుతుంది. అప్పుడు 'నేనా కాలేజీని, ఆ కాలేజీ నన్నూ ఇప్పటికన్నా ఎక్కువ ఇష్టపడుతున్నాం' అనే జంట ఒక్కటీ మిగలదని వారు నిరూపించారు. అమెరికాలో కొత్త వైద్యులను ఆసుపత్రులకు కేటాయించే కార్యక్రమం 1950ల నుంచే దాదాపు ఇదే పద్ధతి పాటిస్తోందని ఆల్విన్ రోత్ తర్వాత గుర్తించారు. షాప్లీ, రోత్‌లకు 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ దక్కింది. గేల్ 2008లోనే మరణించారు.

భారతదేశంలో ఈ ఆలోచనకు పెద్ద ఉదాహరణ ఐఐటీ, ఎన్ఐటీల ఉమ్మడి కౌన్సెలింగ్ 'జోసా'. 2015కు ముందు ఈ రెండింటికీ వేర్వేరు కౌన్సెలింగ్‌లు జరిగేవి. ఒకే విద్యార్థి రెండు చోట్లా సీటు పట్టుకుంటే ఒకటి ఖాళీగా మిగిలేది. గేల్-షాప్లీ పద్ధతిని రిజర్వేషన్లకు అనుగుణంగా మలిచి ఉమ్మడి కేటాయింపు మొదలుపెట్టాక ఖాళీలు తగ్గాయి. వెబ్ ఆప్షన్లు పెట్టిన అనుభవమున్న తెలుగు విద్యార్థులకు ఇష్టాలను వరుసలో రాయడం కొత్తేమీ కాదు.

అమెరికా కాలేజీలు దీన్ని ఎందుకు అనుసరించవు? అక్కడ కాలేజీని బట్టి కట్టాల్సిన ఫీజు, వచ్చే సాయం మారిపోతాయి. ఆ అంకెలు చూడకుండా ఇష్టాల వరుస రాయడం కష్టం. విద్యార్థిని ఒక్క ర్యాంకుతో కొలవడానికి కాలేజీలూ ఒప్పుకోవు. కాబట్టి వెయిట్‌లిస్టు ఇప్పట్లో పోదు.

అలాంటి చోట దరఖాస్తు చేసే విద్యార్థి ఒక పని చేయవచ్చు. అనేక అమెరికా కాలేజీలు ఏటా 'కామన్ డేటా సెట్' అనే పత్రాన్ని తమ వెబ్‌సైటులో ఉంచుతాయి. వెయిట్‌లిస్టులో చోటు ఎందరికిచ్చారు, ఎందరు కొనసాగారు, చివరికి ఎందరికి సీటు దొరికింది అనే మూడు సంఖ్యలూ అందులో ఉంటాయి. ఒక్క ఏడాదివి కాక నాలుగైదేళ్లవి పక్కపక్కన పెట్టి చూస్తే ఎంత ఆశ పెట్టుకోవచ్చో తెలుస్తుంది. ఆ సంఖ్యలు ఎగుడుదిగుడుగా ఉంటే కంగారు పడనక్కర్లేదు, అవి అలాగే ఉంటాయి. మే 1 లోపు సీటు వచ్చిన మరో కాలేజీలో డిపాజిట్ కట్టి చోటు ఖాయం చేసుకోవడం మాత్రం మరచిపోకూడదు. వెయిట్‌లిస్టు నుంచి పిలుపు వస్తే ఆ డిపాజిట్ సాధారణంగా పోతుంది. రాకపోతే చదువు ఆగదు.