మెడ తిప్పే కెమెరా

అమెరికాలో వందేళ్ల కిందట తీసిన స్కూలు గ్రూపు ఫొటోలు కొన్ని గజం పొడవుకు పైనే ఉంటాయి. వందల మంది పిల్లలు, వెనక బడి భవనం, రెండు కొసలా చెట్లు. అలాంటి ఫొటో మీద ఎడమ నుంచి వేలు పెట్టి ఒక్కో ముఖమే చూసుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు ఒక తమాషా దొరుకుతుంది. ఎడమ కొసన పళ్లికిలిస్తూ నిలబడ్డ కుర్రాడే కుడి కొసనా ఉంటాడు. అదే చొక్కా, అదే చెదిరిన జుట్టు. కవలలు కారు. ఫొటో పడుతుండగా వరస వెనకనుంచి వంగి పరుగెత్తి, కెమెరా కంటే ముందే ఆ కొసకు చేరిన గడుగ్గాయి.

కెమెరా కంటే ముందు చేరడమేమిటి? మామూలు కెమెరా విషయంలో ఈ మాటకు అర్థమే లేదు. అది కన్ను తెరిచి మూసేలోగా ఎదురుగా ఉన్నదంతా ఒక్కసారే మింగేస్తుంది. పానోరమిక్ కెమెరా అలా కాదు. కొండెక్కి ఊరిని చూసే మనిషిలా ఆ పక్కనుంచి ఈ పక్కకు మెడ తిప్పుకుంటూ చూస్తుంది. అందుకే దాని ఫొటోలో ఒక కొసన 'ఇందాక', ఇంకో కొసన 'ఇప్పుడు' ఉంటాయి.

పానోరమా అన్న మాట వయసులో ఫొటోగ్రఫీ కన్నా పెద్దది. ఎడిన్‌బరోలో ఉంటున్న రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు చుట్టూ కమ్ముకునే బొమ్మ అనే ఆలోచనకు 1787లో పేటెంటు తీసుకున్నాడు. 1793లో లండన్ లెస్టర్ స్క్వేర్‌లో గుండ్రటి భవనం తెరిచి, లోపలి గోడంతా పరుచుకున్న దృశ్యాన్ని నడుమ నిలబడి చూసేలా ఏర్పాటుచేసి టికెట్టు పెట్టాడు. జనం డబ్బిచ్చి మరీ మెడ తిప్పుకున్నారు. 1839లో డాగ్యురోటైప్ ఫొటో లోకానికి తెలిసింది. నాలుగేళ్లకే, 1843లో, ఆస్ట్రియాకు చెందిన జోసెఫ్ పుచ్‌బెర్గర్ చేత్తో పిడి తిప్పితే లెన్సు తిరిగే కెమెరాకు పేటెంటు పొందాడు. పిడి తిప్పే చెయ్యి ఒకచోట తొందరపడి ఇంకోచోట నింపాదిగా సాగితే ఫొటోలో ఒక భాగం నల్లబడి, మరో భాగం వెలిసిపోతుంది. ఆ తర్వాత కొద్దికాలానికే పారిస్‌లో లోహపు రేకులపై బొమ్మలు చెక్కే ఫ్రీడ్రిక్ ఫాన్ మార్టెన్స్ ఆ పిడికి పళ్లచక్రాలు తగిలించి నడక సమం చేశాడు. ఆయన కెమెరా 150 డిగ్రీల మేర పారిస్‌ను ఒక్క రేకు మీదకు తెచ్చింది.

ఇంత కష్టపడి లెన్సును తిప్పడం దేనికి, వెడల్పుగా చూసే లెన్సు పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. అక్కడే చిక్కుంది. కదలని లెన్సు గుండా పక్కలకు పోయే వెలుతురు ఏటవాలు పెరిగేకొద్దీ పలచనవుతుంది. లెక్క ప్రకారం 60 డిగ్రీల ఏటవాలున, నడిమధ్య పడే వెలుతురులో 16వ వంతే పడుతుంది. పైగా బల్లపరుపు ఫిల్ము మీద అంచుల్లోని మనుషులు లాగిన పిండిలా సాగుతారు. తిరిగే లెన్సుకు ఈ బాధ లేదు. అది ఎప్పుడూ తన ఎదురుగా ఉన్నదాన్నే, తన నడిభాగంతోనే చూస్తుంది. దాని వెనక సన్నని నిలువు చీలిక ఒకటి ఉంటుంది. వెలుతురు ఆ చీలికలోంచే ఫిల్ము మీద పడుతూ, చీపురుతో వాకిలి ఊడ్చినట్టు ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంది.

అయితే తిరుగుతున్న లెన్సుతో తీసిన బొమ్మ అలుక్కుపోదా? పోదు. ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా ముచ్చటైన కిటుకు ఇదే. లెన్సులో ఒక బిందువు ఉంటుంది. సరిగ్గా అది ఇరుసుగా లెన్సును తిప్పితే వెనక పడే దూరపు బొమ్మ ఉన్నచోటే నిలిచి ఉంటుంది. తిరిగేది లెన్సు, బొమ్మ కాదు. అందుకు ఫిల్ము ఆ ఇరుసు చుట్టూ వృత్తపు ముక్కలా వంగి ఉండాలి. రష్యన్ హొరైజన్ కెమెరాలో లెన్సు ఫోకల్ లెంగ్త్ 28 మి.మీ. అంత వ్యాసార్ధంతో వృత్తం గీస్తే చుట్టుకొలత 176 మి.మీ. దాటదు. కెమెరా చూసేది 120 డిగ్రీలు, అంటే మూడో వంతు. 176లో మూడో వంతు 58 మి.మీ. చిల్లర. ఆ కెమెరా ఫ్రేము పొడవు సరిగ్గా 58 మి.మీ.

ఫిల్ము వంగాలన్న ఈ ఒక్క షరతే యంత్రాన్ని యాభై ఏళ్లు సతాయించింది. డాగ్యురోటైప్ రాగిరేకు కనుక ఎలాగో వంచారు. తర్వాతి కాలం గాజు పలకలది. గాజు వంగుతుందా? 1859లో ఇంగ్లాండుకు చెందిన థామస్ సట్టన్ లెన్సు తిప్పడమే మానేసి, నీళ్లు నింపిన గుండ్రటి లెన్సుతో 120 డిగ్రీలు చూపించాడు కానీ, ఆయనకూ వంపు తిరిగిన గాజు పలకలు తప్పలేదు. వంపు పలకకు మందు పూయడం, తడి ఆరకముందే ఫొటో తీసి కడగడం తలుచుకుంటేనే ఓపిక చచ్చిపోతుంది. సెల్యులాయిడ్ రీలు వచ్చాకే ఈ బెడద తీరింది. 1898లో విస్కాన్సిన్‌లో తయారైన అల్-విస్టా, మరుసటి ఏడు కొడాక్ పానోరమ్ బజారులోకి వచ్చాయి. స్ప్రింగు లాగి వదిలితే లెన్సు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు ఊగేది. అంతవరకు ఇంజనీర్ల చేతుల్లో ఉన్నది విహారయాత్రకు పోయేవాళ్ల సంచిలో చేరింది.

మొదట చెప్పిన స్కూలు ఫొటోలు తీసింది వీటితో కాదు, సర్కట్ కెమెరాతో. 1904లో విలియం జాన్‌స్టన్ దానికి పేటెంటు పొందాడు. ఇందులో మెడ కాదు, మనిషే తిరుగుతాడు. కెమెరా మొత్తం పళ్లచక్రం ఉన్న పీట మీద గుండ్రంగా తిరుగుతుంటే, లోపల ఫిల్ము అదే లెక్కన చీలిక ముందునుంచి జారిపోతూ ఉంటుంది. చుట్టూ 360 డిగ్రీలూ తీయొచ్చు. ఫొటోగ్రాఫరు పిల్లలను కెమెరా చుట్టూ విల్లులా వంపుగా నిలబెట్టేవాడు. అందరూ ఒకే దూరంలో ఉంటారు కనుక ఫొటోలో వరస గీత గీసినట్టు వచ్చేది. పాపం, వెనకున్న తిన్నని బడి గోడ మాత్రం వంగిపోయేది.

సోవియట్ దేశంలో ఈ యంత్రాన్ని పట్టుకున్నది ఫ్యోదర్ తోకరేవ్. టీటీ పిస్తోలు, ఎస్‌వీటీ రైఫిలు చేసిన తుపాకుల తోకరేవే. ఆయన రూపొందించిన ఎఫ్‌టీ-2 మాస్కో పక్కన క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీలో 1958లో తయారీకి వచ్చేసరికి ఆయనకు 87 ఏళ్లు. 50 మి.మీ. లెన్సు, 110 మి.మీ. పొడవు ఫ్రేము, రీలుకు 12 ఫొటోలు. స్ప్రింగుతో ఒక ముక్కను ప్రతిసారీ ఒకే వేగంతో కదిలించడం తుపాకుల మేస్త్రీకి కొత్త పనేమీ కాదు మరి. అదే ఫ్యాక్టరీ 1960ల్లో హొరైజన్ తెచ్చింది. జపాన్‌లో పానన్ సంస్థ 26 మి.మీ. లెన్సుతో వైడ్‌లక్స్ చేసింది. హాలీవుడ్ నటుడు జెఫ్ బ్రిడ్జెస్ ఏళ్ల తరబడి షూటింగుల్లో దాన్నే వాడాడు. తోటి నటులను ఒక కొసన ఏడిపించి, లెన్సు తిరిగేలోపు ఇంకో కొసకు పరుగెత్తించి నవ్వించేవాడు. స్కూలు గడుగ్గాయి ఆటే!

ఈ జాతి కెమెరా చంద్రుడి దాకా వెళ్లిందని చాలామందికి తెలియదు. 1971లో అపోలో-15 వాహనంలో 610 మి.మీ. లెన్సున్న పానోరమిక్ కెమెరా ఒకటి, సుమారు 2 కిలోమీటర్ల ఫిల్ముతో, కక్ష్యలో తిరుగుతూ చంద్రుడి నేలను అడ్డంగా ఊడ్చింది. ఫిల్ము కనుక వైర్‌లెస్సులో పంపలేరు, చేత్తో తెచ్చుకోవాల్సిందే. తిరుగు దారిలో, భూమికి ఇంకా 3 లక్షల కిలోమీటర్ల దూరాన, వ్యోమగామి ఆల్ వర్డెన్ వాహనం బయటికి వచ్చి ఆ డబ్బాను లోపలికి మోసుకొచ్చాడు. నేను రీలు కడిగించడానికి ఆటోలో పోవడానికి బద్ధకించినప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు.

నా చేతికి వచ్చింది సెకండ్‌హ్యాండ్ హొరైజన్-202. మొదటి రీలు మొత్తం నా వేళ్ల ఫొటోలే. 120 డిగ్రీలు చూసే కెమెరాను మామూలు కెమెరా పట్టినట్టు పడితే రెండు పక్కలా వేళ్లు గున్న ఏనుగుల్లా నిలబడతాయి. వెనకనుంచి చిటికెన వేలు కూడా ముందుకు రాకుండా పట్టుకోవాలి. ఫిల్ము ఎక్కించడమూ వేరే విద్యే. లెన్సు ఉన్న డ్రమ్ముకు రెండు పక్కలా ఉన్న రోలర్ల కింద నుంచి దూర్చాలి. పైనుంచి పోనిస్తే ఫిల్ము వంపును అంటుకోదు, ఫొటో మసకబారుతుంది. కెమెరా మీది నీటిబుడగ మధ్యలో నిలవాలి. కాస్త కిందికి వంచితే గోదావరి గట్టు మీద నీటిగీత కొండలా ఉబుకుతుంది, పైకెత్తితే తట్టలా గుంటపడుతుంది. ఫ్లాష్ దండగ. ఆ మెరుపు మెరిసినప్పుడు చీలిక ఎక్కడుంటే అక్కడ ఒక్క నిలువు పట్టీ వెలిగి, మిగతా పెళ్లిపందిరి చీకట్లో ఉంటుంది. 36 ఫొటోల రీలులో ఇందులో వచ్చేవి 22. కడిగే ల్యాబులో ముందే చెప్పుకోవాలి. నేను చెప్పలేదు. అలవాటు చొప్పున 36 మి.మీ.కు ఒక కోత పెట్టి, ప్రతి ఫొటోనూ రెండు మూడు ముక్కలు చేసి కవర్లో పెట్టిచ్చారు.

షట్టరు లెక్క ఆలస్యంగా బుర్రకెక్కింది. చీలిక వెడల్పు 2 మి.మీ. అనుకుందాం. 58 మి.మీ. ఫ్రేములో అలాంటివి 29 పడతాయి. ఒక్కో చోట సెకనులో 60వ వంతు వెలుతురు పడితే చాలు గానీ, మొత్తం ఊడ్చడానికి అర సెకను కావాలి. ఆ అర సెకనులో బస్సు లెన్సు తిరిగే వైపే పోతుంటే సాగి రైలవుతుంది, ఎదురొస్తే కుదించుకుని ఆటో అవుతుంది. వేగాన్ని బాగా తగ్గిస్తే కెమెరా తాపీగా, జిర్రుమంటూ, కొన్ని సెకన్లు తిరుగుతుంది.

సంక్రాంతికి అందరూ వచ్చినప్పుడు పెరట్లో ఆ తాపీ వేగమే పెట్టాను. కుర్చీలు విల్లులా వేశాం. మా అక్క కొడుక్కి పని అప్పజెప్పాను. మొదటిసారి వాడు ఆత్రంకొద్దీ చీలిక తన మీదనుంచి దాటకముందే పరుగందుకున్నాడు. ఫొటోలో మూడు కుర్చీల వెనక ఒకే పొట్ట, దాని కొసన చెవి. రెండోసారి, "జిర్రుమనే చప్పుడు నిన్ను దాటాక కదులు, వంగి పోరా" అన్నాను. వాడు బుద్ధిగా దాటనిచ్చి, కుర్చీల చాటున వంగి పరుగెత్తి, అవతలి కొసన మా బావ పక్కన లేచి నిలబడ్డాడు. ప్రింటు చేతికొచ్చాక అమ్మమ్మకు ఇచ్చాను. కళ్లజోడు సర్దుకుని, ఈ కొసనుంచి ఆ కొసకు నెమ్మదిగా మెడ తిప్పుతూ చూసింది. ఆ కొసన ఆగి, మళ్లీ మొదటికొచ్చింది.

"వీడికి ముందే పెట్టారా భోజనం? అక్కడ చొక్కా మీద పప్పు మరక లేదు, ఇక్కడుంది."

నిజమే, ఉంది. పరుగులో మా బావ చేతిలోని పళ్లెం తగిలినట్టుంది.