ఎడారికి ఇంటితో సహా: ఆర్వీ ప్రయాణాలపై అపోహలు, వాస్తవాలు

“అనంతపురం ఎండలు చాలలేదా, మళ్లా ఎడారి మీద పడినావు?” అని మా అక్క ఫోన్లో నిలదీసింది. ఉద్యోగ విరమణ తర్వాత నేనూ మా ఆవిడా 24 అడుగుల పాత ఆర్వీ ఒకటి కొనుక్కున్నాం. పడక, పొయ్యి, స్నానాలగది అన్నీ ఉన్న బండి. చలికాలం మొదలైతే చాలు, అమెరికా నైరుతి మూలకు బయల్దేరతాం. కాలిఫోర్నియా, నెవాడా, ఆరిజోనా, యూటా. ఈ తిరుగుడు మొదలయ్యాక బంధువులూ స్నేహితులూ అడిగే ప్రశ్నలు వింటుంటే ఒకటి అర్థమైంది. అందరికీ భయాలున్నాయి కానీ భయపడాల్సినవాటికి భయపడటం లేదు.

అపోహ: ఎడారి అంటే ఇసుక, ఎప్పుడూ నిప్పులు చెరిగే ఎండ.

సినిమా పాటల్లో చూసిన ఇసుక తిన్నెలు ఇక్కడా ఉన్నాయి. అయితే కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ జాతీయ పార్కులో ఇసుక దిబ్బలు ఉన్నది నూటికి ఒక వంతు నేలలో కూడా కాదు. తక్కినదంతా రాళ్లు, ఉప్పు పేరుకున్న నేల, రంగురంగుల కొండలు. బ్యాడ్‌వాటర్ దగ్గర నేల సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన ఉంటుంది. అక్కడ నిలబడి తలెత్తితే 11,049 అడుగుల టెలిస్కోప్ శిఖరం మీద మంచు కనిపిస్తుంది.

ఎండ సంగతి అబద్ధం కాదు. 1913 జులై 10న ఇక్కడి ఫర్నెస్ క్రీక్‌లో నమోదైన 56.7 డిగ్రీలే ప్రపంచ రికార్డు. అది జులై మాట. జనవరి పగళ్లలో అక్కడ 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, పల్చటి స్వెట్టర్ చాలు. యూటాలోని ఆర్చెస్ లాంటి ఎత్తైన చోట్ల రాత్రిళ్లు నీళ్లు గడ్డకడతాయి. మొదటి ఏడాది తెలియక కుళాయికి తగిలించిన నీళ్ల గొట్టాన్ని రాత్రంతా బయటే వదిలేశాం. తెల్లారేసరికి అది కర్రలా బిగుసుకుపోయింది. ఆ రోజు కాఫీ పదింటికి.

అపోహ: ఎడారిలో నీళ్లుండవు కాబట్టి ముంచేదీ ఏమీ ఉండదు.

నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. ఇక్కడ వాష్ అంటారు, మా ఊళ్లో వంక అంటాం. రెండూ ఒకటే. ఏడాదంతా ఎండిపోయి గులకరాళ్లతో అమాయకంగా పడి ఉంటుంది, వాన పడిన పూట మాత్రం దాని ముందు నిలబడలేం. పైగా ఆ వాన మన నెత్తిన పడనక్కర్లేదు. ఎక్కడో కొండల మీద ఉరిమితే చాలు, ఇక్కడ ఆకాశం నీలంగా ఉండగానే బురద నీళ్లు దూసుకొస్తాయి. నేల గట్టిది, చెట్టూ చేమా పల్చన. నీరు ఇంకేలోపే పారిపోతుంది.

డెత్ వ్యాలీలో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 2 అంగుళాలు. 2023 ఆగస్టు 20న హిలరీ తుపాను అవశేషం వచ్చి ఒక్కరోజే 2.2 అంగుళాలు కురిసింది. రోడ్లు కొట్టుకుపోయాయి. పార్కును అక్టోబరు 15 దాకా మూసేశారు. బ్యాడ్‌వాటర్ ఉప్పు నేల మీద సరస్సు తేలింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి వానలకు అది మళ్లీ పెరిగితే జనం చిన్న పడవలేసుకుని తిరిగారు.

పారే నీరు అడుగు లోతుంటే చిన్న కారును తేల్చేస్తుంది, రెండడుగులుంటే చాలా పెద్ద బండ్లనూ లాక్కుపోతుంది. ఆర్వీ బరువైనది కదా, నిలబడుతుంది అనుకోవద్దు. దాని పక్కగోడలు అంత ఎత్తున ఉండేది నీటికి తోసే చోటు ఇవ్వడానికే అన్నట్టుంటుంది. ఆరిజోనాలో దీనికో చట్టమే ఉంది. అడ్డుకట్ట పెట్టిన దారిలోకి వెళ్లి నీళ్లలో ఇరుక్కుంటే, కాపాడినందుకు అయిన ఖర్చును మనచేతే కట్టించవచ్చు. జనం దాన్ని స్టుపిడ్ మోటరిస్ట్ లా అంటారు. మన భాషలో బుద్ధిలేని డ్రైవరు చట్టం. ఒకసారి మేము ఒక వాష్ ఒడ్డున రెండున్నర గంటలు బండి ఆపుకుని కూర్చున్నాం. మా ఆవిడ ఆ వేళలో ఉప్మా చేసింది. ఇంటితో సహా ప్రయాణించడంలో ఉన్న సుఖం అదే, ఆగడానికి తొందర ఉండదు.

ఇంకొకటి. దాహమైతే క్యాక్టస్ కోసి నీళ్లు తాగవచ్చని సినిమాలు నేర్పాయి. లోపల ఉండేది మంచినీళ్లు కావు, చేదు జిగురు గుజ్జు. చాలా రకాలు కడుపులో తిప్పుతాయి, వాంతులతో ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది. పార్కుల్లో కోయడం నేరం కూడా. మనిషికి రోజుకు కనీసం ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్ల మంచినీళ్లు బండిలో ఉండాలి. అంతకు తక్కువైతే మేము పట్టణం దాటం.

అపోహ: మ్యాప్‌లో దారి కనిపిస్తే బండి పోతుంది.

ఫోన్‌లో నీలం గీత కనిపిస్తే చాలు, మనవాళ్లకు అది వేదవాక్కు. ఆ గీతకు తారు రోడ్డుకీ, యాభై ఏళ్లుగా ఎవరూ పోని గని బాటకీ తేడా తెలియదు. జీపీఎస్‌ను నమ్ముకోవద్దని డెత్ వ్యాలీ పార్కువాళ్లే హెచ్చరిస్తారు. కాగితం మ్యాపు కొనండి, సందర్శకుల కేంద్రంలో రేంజర్‌ను అడగండి. నిన్న బాగున్న దారి ఇవాళ ఉండకపోవచ్చు.

బండి పొడవు కూడా చూసుకోవాలి. ఆరిజోనాలోని ఆర్గన్ పైప్ క్యాక్టస్ పార్కులో అహో మౌంటెన్ డ్రైవ్ అని 21 మైళ్ల అందమైన చుట్టుదారి ఉంది. 24 అడుగులు దాటిన ఆర్వీలకు అక్కడ ప్రవేశం లేదు. మేము చిన్న బండి కొన్నది పిసినారితనంతోనే అయినా, ఆ రోజు మాత్రం ముందుచూపు అని చెప్పుకున్నాం. అద్దె బండి తీసుకునేవారు ఒప్పందం చదవాలి. మట్టిదారుల్లో తిప్పితే బీమా వర్తించదని రాసేవాళ్లు ఎక్కువ.

మట్టిదారులు రేకుల కప్పులా అలలు అలలుగా ఉంటాయి. దానిపై ఆర్వీ పోతే అల్మారాలోని గిన్నెలన్నీ నేల మీదే. కాబట్టి పెద్ద బండిని క్యాంపులో నిలిపి, వెనక కట్టుకొచ్చిన చిన్న జీపులో వెళ్తాం. డెత్ వ్యాలీలోని రేస్‌ట్రాక్ ప్లాయాకు అలాగే వెళ్లాం. 27 మైళ్లు, పదునైన రాళ్లు, మంచి టైర్లు లేకుంటే పోనేకూడదు. చదునైన ఎండు చెరువు నేల మీద రాళ్లు వాటంతటవే కదిలి వెనక గీతలు వదులుతాయి. దయ్యాలన్నారు, అయస్కాంతాలన్నారు. 2013 డిసెంబరులో ఆ కదలికను కళ్లారా చూసిన పరిశోధకులు 2014లో కారణం ప్రచురించారు. వాన నీరు పల్చగా నిలిచి రాత్రి గడ్డకడుతుంది. ఎండకు ఆ పలుచని మంచు పలకలు విరిగి, చిరుగాలికి జరుగుతూ రాళ్లను నెడతాయి. అంతే.

అపోహ: ఇది కోటీశ్వరుల సరదా. లేదా, ఖర్చే లేని బతుకు.

రెండూ తప్పే. మా బండి లీటరుకు నాలుగు కిలోమీటర్లిస్తే ఆ రోజు పండగ. కానీ చాలా ప్రభుత్వ భూముల్లో సాధారణంగా 14 రోజుల దాకా ఉచితంగా ఉండనిస్తారు. ఆరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు ఉండటానికి ఏళ్ల తరబడి 180 డాలర్లే తీసుకున్నారు. చలికాలంలో ఆ చిన్న ఊరి చుట్టూ ఆర్వీల జాతర. అక్కడి శ్మశానంలో పిరమిడ్ ఆకారపు సమాధి మీద లోహపు ఒంటె బొమ్మ ఉంటుంది. 1850లలో అమెరికా సైన్యం ఎడారిలో సామాన్లు మోయడానికి ఒంటెలను తెప్పించినప్పుడు వాటితోపాటు వచ్చిన హాజీ అలీ సమాధి అది. స్థానికులు నోరు తిరగక హై జాలీ అన్నారు.

62 ఏళ్లు నిండిన అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి జీవితకాల సీనియర్ పాస్ 80 డాలర్లు. జాతీయ పార్కుల ప్రవేశ రుసుము అక్కర్లేదు, చాలాచోట్ల క్యాంపు రుసుములో సగం తగ్గుతుంది. పిల్లల దగ్గరికి సందర్శకుల వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు, వయసెంతైనా, ఇది రాదు. ఈ సంగతి తెలియక గేటు దగ్గర పాస్‌పోర్టులు చూపించే మనవాళ్లను చాలామందిని చూశాను.

లైసెన్సు గురించి కూడా దిగులొద్దు. 26,000 పౌండ్ల లోపు బండికి ఎక్కువ రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సే చాలు.

అపోహ: చక్రాల మీద హోటలు.

హోటల్లో మరుగుదొడ్డి ట్యాంకు మనం ఖాళీ చెయ్యం. ఇక్కడ మూడు ట్యాంకులు: మంచినీళ్లు, వంటింటి, స్నానాల వాడకం నీళ్లు, మూడోది మీకు తెలుసు. మూడోదాన్ని గొట్టం తగిలించి నిర్ణీత చోట వదలాలి. ముప్పై ఐదేళ్లు ఇంజినీరుగా చేసిన అనుభవం నాకు ఇక్కడే ఎక్కువ పనికొచ్చింది. మన ఇళ్లలో గిన్నెలు కడిగిన నీళ్లు అరటి మొదట్లో పోస్తాం, అది పొదుపు. పార్కుల్లో అది తప్పు. మెతుకుల వాసనకు జంతువులు మనుషుల దగ్గరికి అలవాటు పడతాయి.

పాములా? చలికాలంలో అవి చాలావరకు బయటికి రావు. కనిపించని సందులో చెయ్యి పెట్టకపోతే చాలు. వాటికన్నా మన కాళ్లకే ఎడారి ఎక్కువ భయపడాలి. యూటాలో నల్లగా గరుకుగా కనిపించే నేల పైపొర ఉత్త మట్టి కాదు, సూక్ష్మజీవులూ నాచూ కలిసి అల్లిన బతికున్న చర్మం. ఒక్క అడుగుకు చిట్లితే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. బాట వదలకండి.

చివరగా, పిల్లల దగ్గరికొచ్చి ఆర్వీ అద్దెకు తీసుకునే పెద్దలకు ఒక మాట. ఈ పార్కుల్లో చాలాచోట్ల ఫోను పనిచేయదు. ఏ దారిన పోతున్నారో, ఏ రోజుకు తిరిగొస్తారో, ఎప్పటిదాకా కబురు లేకపోతే కంగారు పడాలో ఒక కాగితం మీద రాసి, ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు పంపి బయల్దేరండి. మేము పిల్లలకొకటి పంపుతాం, అనంతపురంలో అక్కకొకటి.