మడత చాకు కొనేముందు మొన చూడండి

పలుపు కోయాలన్నా, ఎరువుల బస్తా విప్పాలన్నా రైతు జేబులో మడత చాకు ఉండాల్సిందే. అయితే కొనేటప్పుడు చాలామంది పిడి అందం, ధర చూస్తారు గాని అలుగు తీరు చూడరు.

సూదిమొన చాకు కుట్లు విప్పడానికి, చిల్లి చేయడానికి బాగుంటుంది. కాని మెడకు పలుపు బిగిసి గేదె గిలగిల కొట్టుకునే వేళ ఆ మొన గేదె మెడలోనో, మనిషి చేతిలోనో దిగే ప్రమాదముంది. పైగా స్ప్రింగు బిగువు మీదనే నిలిచే చాకుతో గట్టిగా పొడిస్తే అలుగు వేళ్ల మీదికే ముడుచుకుంటుంది.

పదును తిన్నగా ఉండి, వీపు చివరలో కిందికి వంగిన మొండిమొన చాకుతో ఈ భయం తక్కువ. వీపు పశువు వైపు ఉంచి, తాడు కింద దూర్చి, పైకి కోయవచ్చు. ఊగే ఓడల్లో తాళ్లు కోసే నావికులు ఈ రకాన్ని వాడింది అందుకే. సానరాయి మీద దీనికి పదును పెట్టడం కూడా తేలిక.

చర్మం ఒలవడానికి మాత్రం పదును వైపు వంపు ఉన్న అలుగే మేలు. పశువులున్న ఇంట మొండిమొన చాకు ఒకటి తప్పనిసరి. రెండు అలుగుల చాకు దొరికితే ఒకటి మొండిమొన, ఒకటి వంపుది ఉండేలా చూసుకుంటే రెండు పనులూ తీరతాయి.