గ్రీన్‌స్టెడ్ కొయ్య చర్చి

రాతి కట్టడం వెయ్యేళ్ళు నిలిచిందంటే వింతేమీ లేదు. వానకు తడిసి, ఎండకు ఎండి, పురుగుకు లోబడే కొయ్య తొమ్మిది వందల ఏళ్ళకు పైగా నిలిచిందంటే మాత్రం వింతే. అటువంటి కట్టడం ఇంగ్లండులో ఎసెక్స్ ప్రాంతాన వున్నది. దాని పేరు గ్రీన్‌స్టెడ్ చర్చి. లండనుకు ఈశాన్యంగా ఇరవై మైళ్ళ పైచిలుకు దూరంలో ఆంగర్ అనే చిన్న వూరున్నది. అక్కడినుంచి పడమటికి మైలు దూరం నడిస్తే చాలు.

పేరు పెద్దదే గాని చర్చి చాలా చిన్నది. లండనులో సెయింట్ పాల్ చర్చి చూచి వెళ్ళిన నాకు మొదట "ఇంతేనా!" అనిపించింది. దగ్గరకు వెళ్ళి గోడను పరిశీలిస్తే గాని దాని గొప్పతనం తెలియదు. ఓక్ మానులను నిలువునా చీల్చి, గుండ్రని వైపు బయటకు, చదునైన వైపు లోపలకు వుండేటట్లు పక్కపక్కనే నిలబెట్టారు. మానుల అంచులలో గాడి తొలిచి, ఇద్దరి మధ్య చెయ్యి కలిపినట్లు సన్నని కొయ్య బద్దను అందులో దిగవేశారు. ఇక గాలికి గాని, వానజల్లుకు గాని సందు ఎక్కడిది?

తక్కిన భాగాలు తరువాతి తరాలవి. పూజావేదిక వున్న తూర్పు భాగపు ఇటుక గోడలు 1500 ప్రాంతానివి. పడమట తెల్ల చెక్కలు తాపిన గంట గోపురం వున్నది. అందులోని గంట మీద 1618 అనే సంవత్సరం కనిపిస్తుంది.

ఈ చర్చి క్రీ.శ. 845 నాటిదని చాలాకాలం చెప్పుకొనేవారు. 1995లో శాస్త్రజ్ఞులు మానులలోని వలయాలను తిరిగి పరీక్షించారు. చెట్టుకు ఏటా ఒక వలయం పెరుగుతుంది. వానలు బాగా పడిన ఏడు వెడల్పుగా, కరువు ఏడు సన్నగా వుంటుంది. ఆ వరుసను, కాలం తెలిసిన ఇతర కొయ్యల వరుసతో పోల్చి వయస్సు కడతారు. ఈ మానులు 1060 తరువాత, సుమారు 1100 లోపల నరికినవని తేలింది. అంటే రాజమహేంద్రవరంలో నన్నయగారు భారతం తెనిగించిన శతాబ్దమే నన్నమాట!

దీనితో వూరివారి గాథ ఒకటి చిక్కులో పడింది. 869లో డేనుల చేతిలో మరణించిన ఎడ్మండ్ రాజును ప్రజలు పుణ్యపురుషుడుగా కొలిచారు. 1013లో ఆయన దేహాన్ని లండను నుంచి తిరిగి తీసుకుపోతూ, ఆంగర్ దగ్గర కొయ్య చర్చిలో ఒక రాత్రి వుంచారని ప్రతీతి. ఆనాటికి ఈ గోడలే లేవాయె! అయితే 1960లో తవ్వినప్పుడు, తూర్పు భాగం క్రింద ఇంతకన్న పాతవైన రెండు కొయ్య కట్టడాల ఆనవాళ్ళు దొరికాయి. కాబట్టి ఆ గాథను కొట్టిపారేయ నక్కరలేదు. మారినవి గోడలు గాని చోటు కాదు.

నా మనస్సుకు ఎక్కువగా తగిలినది మాత్రం రాజు కథ కాదు, కూలీల కథ. 1833లో టాల్‌పడిల్ గ్రామంలో ఆరుగురు వ్యవసాయ కూలీలు కూలి తగ్గింపును ఎదిరించి సంఘం పెట్టుకున్నారు. రహస్య ప్రమాణం చేశారన్న నేరం మోపి, వారిని ఏడేళ్ళ ప్రవాస శిక్షకు ఆస్ట్రేలియా పంపారు. దేశమంతా గగ్గోలు పుట్టగా 1836లో క్షమాభిక్ష లభించింది. తిరిగి వచ్చినవారిలో కొందరికి చందాలు పోగుచేసి ఈ ప్రాంతంలోనే పొలాలు కౌలుకు ఇప్పించారు. వారిలో జేమ్స్ బ్రైన్, తోటి శిక్షితుడైన స్టాన్‌ఫీల్డ్ కుమార్తె ఎలిజబెత్‌ను 1839లో పెండ్లాడినది ఈ చర్చిలోనే.

అప్పటి మతగురువు ఫిలిప్ రే వారిని సహించలేదు. వేదిక మీదనుంచే వారికి విరుద్ధంగా బోధించాడు. కొన్నేళ్ళకు వారిలో చాలామంది కెనడాకు తరలిపోయారు. ఆ రేగారే 1848లో పూనుకొని, చెమ్మకు చివికిన మానుల మొదళ్ళు కోయించి, గోడలను ఇటుక పునాది మీద నిలబెట్టించాడు. ఆ పని జరగకపోతే ఈనాడు మనం చూడటానికి ఏమి మిగిలి వుండేదో! కొయ్యను కాపాడిన మనిషే కూలీలకు నిలువనీడ లేకుండా చేశాడు. చరిత్రలో ఇటువంటి మనుషులు తరచు తటస్థపడతారు. అతని మేలునూ మరువరాదు, కీడునూ దాచరాదు.