తేమ మీటరు అంకె వెనుక ఏముంది?

ప్రొద్దుటూరు చుట్టుపక్కల కేసీ కాలువ కింద పండే వడ్లయినా, జమ్మలమడుగు నల్లరేగళ్లలోని బుడ్డశనగయినా, పులివెందుల వైపు చేలల్లోని వేరుశనగయినా అమ్మకానికి పెట్టిన రోజున తేమ పరీక్ష తప్పదు. గుప్పెడు గింజలు మీటరులో పోస్తే కొన్ని సెకన్లలో ఒక అంకె కనిపిస్తుంది. మద్దతు ధరకు వడ్లు కొనాలంటే తేమ 17 శాతం మించకూడదన్నది ప్రభుత్వ నిబంధన. 18 వచ్చిందంటే మళ్లీ ఎండబోయాలి, లేదా అడిగిన ధరకు ఇచ్చుకోవాలి. ఒక పంట కాలం కష్టం ఆ అంకె దగ్గర తేలిపోతుంది.

మన హాస్టల్లో చాలామందిమి కూలీల, కౌలు రైతుల పిల్లలం. మా ఇంట్లో డిగ్రీ గడప దాటిన మొదటివాళ్లం మేమే. అందుకే ఎం.ఎస్సీ. ఫిజిక్సులో మేము చదువుకున్న డైఎలక్ట్రిక్ స్పెక్ట్రోస్కోపీ అనే విషయాన్ని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ మీటరు సాయంతోనే చెప్పదలచుకున్నాం.

ఇంటర్మీడియట్‌లో కెపాసిటర్ పాఠం ఉంటుంది. రెండు లోహపు పలకల మధ్య విద్యుత్తును పోనివ్వని పదార్థాన్ని, అంటే రోధకాన్ని పెడితే అవి ఎక్కువ ఆవేశాన్ని నిలవ చేసుకుంటాయి. ఎన్ని రెట్లు ఎక్కువో చెప్పేదే రోధక స్థిరాంకం. గాలికి అది దాదాపు 1. గది ఉష్ణోగ్రత దగ్గర నీటికి సుమారు 80. బాగా ఎండిన గింజలకు చాలా తక్కువ. కనుక గింజలో నీరు కాస్త పెరిగినా కెపాసిటర్ విలువ పెరుగుతుంది. గింజలను నలగగొట్టకుండా పోసి చూసే మీటర్లలో చాలావాటి లోపల ఉన్నది ఈ కెపాసిటరే. అంటే మీటరు నీటిని తూచడం లేదు. విద్యుత్ క్షేత్రానికి నీరు ఎలా స్పందించిందో చూసి, తేమ ఎంతో లెక్కగడుతోంది.

మరి నీటికే ఎందుకంత స్పందన? నీటి అణువుకు ఒక వైపు ధనావేశం, మరో వైపు రుణావేశం ఎక్కువగా ఉంటాయి. దీన్నే ద్విధ్రువం అంటారు. విద్యుత్ క్షేత్రం ఎటు ఉంటే అణువులు అటు తిరగడానికి ప్రయత్నిస్తాయి.

మన పీటీ సారు డ్రిల్లును గుర్తు తెచ్చుకోండి. "రైట్ టర్న్, లెఫ్ట్ టర్న్" అని నిదానంగా చెబితే అందరూ తిరుగుతారు. వేగం పెంచితే కొందరు వెనకబడతారు, చెమటలు పడతాయి. మరీ వేగంగా చెబితే ఎవరూ తిరగలేక నిలబడిపోతారు. అణువులదీ ఇదే కథ. క్షేత్రం దిశ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో అదే పౌనఃపున్యం. క్షేత్రాన్ని తీసేశాక అణువుల వరుస చెదిరి మామూలు స్థితికి రావడానికి పట్టే కాలాన్ని విశ్రాంతి కాలం అంటారు. పౌనఃపున్యాన్ని మారుస్తూ పదార్థం ఎంత తిరిగింది, ఎంత శక్తిని వేడిగా పోగొట్టుకుంది అని కొలవడమే డైఎలక్ట్రిక్ స్పెక్ట్రోస్కోపీ. దీనికి సిద్ధాంతపు పునాది వేసిన పీటర్ డిబై 1936లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు.

గది ఉష్ణోగ్రత దగ్గర మామూలు నీటి అణువులు చాలా చురుకైనవి. క్షేత్రం సెకనుకు సుమారు 1,800 కోట్ల సార్లు మారేటప్పుడు గాని వాటికి అసలు "చెమట" పట్టదు. అదే నీరు మంచుగడ్డగా మారితే కొన్ని వేల సార్ల దగ్గరే వెనకబడుతుంది. గింజలోని నీరు ఈ రెండింటికీ మధ్యస్థం. కొంత నీరు పిండిపదార్థానికి, మాంసకృత్తులకు అంటిపెట్టుకుని ఉంటుంది. అది స్వేచ్ఛగా తిరగలేదు.

మీటరు అంకె తారుమారు కావడానికి ఒక ముఖ్య కారణం ఇక్కడే ఉంది. ఎండలో కాగిన గింజల్లో కట్టుబడి ఉన్న నీటికి కదలిక పెరుగుతుంది. ఉష్ణోగ్రతను బట్టి సవరణ చేయకపోతే తేమ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. గింజలు వదులుగా పడ్డాయా, దట్టంగా పడ్డాయా అన్నదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. తక్కువ పౌనఃపున్యాల దగ్గర ఇలాంటి తేడాలు ఎక్కువ. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 149 మెగాహెర్ట్జ్ దగ్గర కొలిచే పద్ధతిని రూపొందించారు.

కాబట్టి సంక్రాంతి సెలవులకు ఊరికి వెళ్లి, నాయనతోపాటు వడ్లు అమ్మడానికి పోయినప్పుడు ఈ సంగతులు గమనించండి. మీటరులో ఎంచుకున్నది మన పంటేనా? వడ్లకు బదులు వేరే గింజ ఎంపికలో ఉంటే అంకె నమ్మదగినది కాదు. గింజలు కల్లంలోంచి వేడివేడిగా తెచ్చినవా? కాసేపు నీడలో ఆరనిచ్చి చూడమనండి. మంచుకు తడిసిన పై గింజలు మాత్రమే తీశారా? బస్తా పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తీసి కలపమనండి. ఒక్కసారితో సరిపెట్టక మూడుసార్లు చూసి సగటు తీయమనండి. అప్పటికీ అనుమానం ఉంటే అసలు ప్రమాణం ఒకటుంది: గింజలను ఓవెన్‌లో ఎండబెట్టి బరువు తేడా చూడటం. మీటర్లను సరిచేసేది కూడా దాని ఆధారంగానే.

ఈ విద్య గింజలతోనే ఆగదు. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం వంటి చోట్ల ఉండే భారీ ట్రాన్స్‌ఫార్మర్లలో తీగల చుట్టూ నూనెలో నానిన కాగితం ఉంటుంది. దానికి తేమ పడితే ట్రాన్స్‌ఫార్మర్ ఆయుష్షు తగ్గుతుంది. లోపలి కాగితాన్ని బయటికి తీయకుండానే దానిలో తేమ ఎంతుందో అంచనా వేయడానికి ఇంజనీర్లు ఇదే పద్ధతి వాడతారు.

ఫిజిక్సు అంటే భయపడి గ్రూపు మార్చుకునే తమ్ముళ్లను, చెల్లెళ్లను మేము ఏటా చూస్తున్నాం. కెపాసిటర్ పాఠం పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న కావచ్చు. కల్లం దగ్గర మాత్రం అది మన అమ్మానాయనల కూలికి, కౌలుకు సంబంధించిన లెక్క. ఆ లెక్క అడిగేవాళ్లు ప్రతి ఇంట్లో ఒక్కరైనా ఉండాలి. మన హాస్టల్లో చదివినవాళ్లే ఆ ఒక్కరు కావాలని మా కోరిక.