పాలీహౌస్ నేలకూ ఎండ తగలాలి

బయటి చేనుకు వేసవి దుక్కులు దున్నుతాం. ఎండకు పురుగు, తెగులు చస్తాయి. వానకు ఉప్పు కిందికి దిగిపోతుంది. పాలీహౌస్ నేలకు ఈ రెండూ లేవు. ఏడాది పొడవునా తడి ఆరదు. కీరదోస తీయగానే క్యాప్సికం, అది తీయగానే టమాటా. అప్పు కిస్తీ ఆగదు గనుక పంటా ఆగదు. తొలి రెండేళ్లు దిగుబడి చూసి మురిసిన రైతే, ఆ తర్వాత మిట్టమధ్యాహ్నం మొక్కలు వాడుతుంటే తల పట్టుకుంటాడు. నీళ్లు చాల్లేదనుకుని డ్రిప్పు ఇంకాసేపు వదులుతాడు.

మొక్క తవ్వి చూడండి

వాడిన మొక్కను జాగ్రత్తగా తవ్వి తీయండి. వేర్లకు పూసల్లాంటి బుడిపెలుంటే అది నులిపురుగు పనే. పై మూడు పంటలూ దానికి మేతే. నారుతోను, పారకు అంటిన మట్టితోను పక్క పాలీహౌస్‌కూ పాకుతుంది. ఘాటు మందు పోస్తే కొన్నాళ్లు అణుగుతుంది, మళ్లీ లేస్తుంది. మేలుచేసే శిలీంధ్రాలు మాత్రం పోతాయి.

ఏప్రిల్, మే నెలల్లో...

పాత మొక్కల్ని వేర్లతో పీకి బయట కాల్చేయాలి. నేల గుల్లచేసి, బాగా తడిపి, 25 నుంచి 50 మైక్రాన్ల తెల్లటి పారదర్శక పాలిథిన్ షీటు పరచాలి. నల్లది పనికిరాదు. అంచులు మట్టితో కప్పి 4 నుంచి 6 వారాలుంచాలి. పక్క తెరలు దించితే వేడి ఇంకా పెరుగుతుంది.

లోతున ఉన్న పురుగు దీనికి చావదు. అందుకే 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీళ్లు చిలకరించి, గోనెపట్టాలు కప్పి నీడలో వారం పది రోజులు మాగనిచ్చి బెడ్లలో కలపాలి. మధ్యమధ్య ఒక పంట బంతి వేస్తే నులిపురుగు తగ్గుతుంది.

కప్పు మీది వాన

10 గుంటల పాలీహౌస్ కప్పు సుమారు 1000 చదరపు మీటర్లు. ఒక్క సెంటీమీటరు వానకు 10 వేల లీటర్లు జారిపోతాయి. గొట్టాలతో పట్టి, షీటు పరిచిన గుంటలో నిలవచేస్తే ఉప్పు బోరునీటి వాడకం తగ్గుతుంది.

రెండు నెలలు ఖాళీ పెడితే కిస్తీ ఎట్లా? న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ఎండల్లో క్యాప్సికం పూత ఎలాగూ నిలవదు. బ్యాంకులో కిస్తీలు మాట్లాడుకునేటప్పుడే ఆ రెండు నెలలు తీసేసి లెక్క వేసుకోండి. ఇప్పుడు వదులుకునేది రెండు నెలల రాబడి, వేరు చెడితే పోయేది ఏడాది రాబడి.