లేజర్ కన్నా ముందు డాక్టర్‌ను చూడండి

అవాంఛిత రోమాల ప్యాకేజీ ప్రకటనల్లో కొట్టొచ్చినట్టు కనిపించే అంకె ఒక్కటే: ధర. మీ చర్మానికి ఏమవుతుందో తేల్చే అంకెలు వేరే ఉన్నాయి. డబ్బు కట్టేముందు వాటి గురించి అడగండి.

755, 810, 1064

ఇవి లేజర్ కాంతి తరంగదైర్ఘ్యాలు, నానోమీటర్లలో. అలెగ్జాండ్రైట్‌ది 755, డయోడ్‌ది సుమారు 810, ఎన్‌డీ-యాగ్‌ది 1064. లేజర్ కాంతి వెంట్రుకలోని మెలనిన్‌ను వేడెక్కించి కుదురును దెబ్బతీస్తుంది. చిక్కేమిటంటే, అదే మెలనిన్ చర్మంలోనూ ఉంటుంది. చర్మాన్ని 1 నుంచి 6 వరకు విభజించే ఫిట్జ్‌ప్యాట్రిక్ కొలమానంలో మనలో ఎక్కువమంది 4, 5 టైపుల్లోకి వస్తాం. తెల్లని చర్మానికి సరిపడే సెట్టింగు చామనఛాయ చర్మాన్ని కాల్చి మచ్చ మిగల్చవచ్చు. చర్మం పైపొర తక్కువగా పీల్చుకునే 1064 ముదురు రంగువారికి ఎక్కువ క్షేమం. ‘నా చర్మం ఏ టైపు డాక్టర్ గారూ, ఏ లేజర్ వాడతారు?’ అంటే తడుముకోకుండా జవాబు రావాలి.

8

పై పెదవి నుంచి తొడల దాకా 9 చోట్ల రోమాలను పరిశీలించి, ఒక్కో చోటికి 0 నుంచి 4 వరకు మార్కులు వేస్తారు. స్త్రీలలో మొత్తం 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే సాధారణంగా హిర్సుటిజంగా, అంటే అతి రోమాల సమస్యగా, లెక్కిస్తారు. పీసీఓఎస్ వంటి హార్మోన్ల సమస్య ఉంటే, దానికి మందు పడకుండా లేజర్ ఒక్కటే చాలదు. కొత్త రోమాలు వస్తూనే ఉంటాయి. నెలసరి సరిగా వస్తోందా అని కూడా అడగకుండా బిల్లు రాసేచోట ఆగకండి.

6 నుంచి 8

ఇన్ని సిట్టింగులు మామూలే, 4 నుంచి 8 వారాల ఎడంతో. వెంట్రుకలన్నీ ఒకేసారి పెరిగే దశలో ఉండవు గనక ఒక్క విడతతో పని కాదు. అమెరికా ఎఫ్‌డీఏ లేజర్ విషయంలో ‘శాశ్వత తగ్గింపు’ అన్న మాటనే ఒప్పుకుంటుంది. శాశ్వతంగా తొలగించేది 1875లో కంటిరెప్పల చికిత్సతో మొదలైన ఎలక్ట్రాలిసిస్. సూదితో ఒక్కొక్క కుదురుకూ కరెంటు పెట్టే ఈ పద్ధతి నెమ్మదే గానీ, లేజర్‌కు లొంగని తెల్ల వెంట్రుకల మీదా పనిచేస్తుంది. లేజర్‌తో నూటికి నూరు శాతం పోతాయని హామీ ఇస్తే నమ్మకండి.

3

ఎంబీబీఎస్ తర్వాత చర్మవ్యాధుల ఎండీకి పట్టే ఏళ్లివి. డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు మందుల చీటీ మీద ఉండాలి. దాన్ని రాష్ట్ర వైద్య మండలి జాబితాతో సరిచూసుకోండి. లేజర్‌ను టెక్నీషియన్ పట్టుకున్నా సెట్టింగు నిర్ణయించే డాక్టర్ ఆ వేళ అక్కడే ఉండాలి. ముందు చిన్నచోట పరీక్షించి, కొన్నాళ్లు ఆగి చూడాలి. మీ కళ్లకు రక్షణ అద్దాలు పెట్టాలి.

వెంట్రుక మళ్లీ మొలిస్తే ఇంకో సిట్టింగు ఉంది. ముఖం మీద కాలిన మచ్చకు అంత తేలిక దారి లేదు. ధర అడిగేముందు ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి.